సామాజిక మాధ్యమములలోని మన వ్రాతలు – వానిని భద్రపఱచు విధానము

తెలుగునాటికి వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగువారి చరిత్రకు ఇంతవఱకు లభించుచున్న ఆధారములు ముఖ్యముగా మూడు తెఱగులు. దేవాలయముల గోడలపైనను రాతిపలకలపైనను గల శాసనములు మొదటివి. తాళపత్రములు, కాగితపు వ్రాతప్రతులు, కైఫీయతులు రెండవవి. సంఘముల నివేదికలు, ప్రత్యేక సంచికలు, పాఠశాలల దస్త్రములు మూడవవి. గడచిన 15, 20 సంవత్సరములలో వీనికి నాల్గవ తెఱగు వచ్చి చేరినది. ఫేస్‌బుక్కు, ఎక్సు, ఇన్‌స్టాగ్రాము, యూట్యూబు మొదలగు సామాజిక మాధ్యమములందు మనవారు దినదినము వ్రాయుచున్న వ్రాతలు, చేర్చుచున్న చిత్రములు, వానిపై ఇతరులు చేయుచున్న వ్యాఖ్యలే ఈ నాల్గవ ఆధారము.

2011 జనగణనను బట్టి తెలుగు మాతృభాషగా గలవారు తమిళనాడున సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 36 లక్షలు, మహారాష్ట్రమున సుమారు 13 లక్షలు, ఒడిశాలో సుమారు 7 లక్షలు. ఇంతటి జనసమూహమునకు తగినన్ని తెలుగు పత్రికలు గాని ప్రచురణ సంస్థలు గాని ఆయా రాష్ట్రములందు లేవు. కావున ఒక యూరి తెలుగు పాఠశాలలో తరగతి యెత్తివేసిన వార్తయైనను, షోలాపురపు నేతగాండ్ర యింటి పెండ్లిపాటయైనను, ముంబయి కామాఠిపురమున ముత్తాతలు కట్టిన గుడి చిత్రమైనను నేడు మొట్టమొదట వెలువడునది సామాజిక మాధ్యమముననే. పెక్కుమార్లు వెలువడునది అచ్చట మాత్రమే. అచ్చట చెడినచో వేఱొక ప్రతి యుండదు.

ఈ వ్రాతలను కాపాడు భారమెవ్వరిది? ఏదో పెద్ద సంస్థ కాపాడుచుండునని పలువురు తలంచుచున్నారు. వాస్తవము వేఱు. వీనిలో ముఖ్యభాగమును, ఆ పుటలలోనికి ప్రవేశము గల సామాన్య సభ్యుడు తప్ప మఱియొకరు భద్రపఱుపజాలరు. అతనికి కావలసిన పనిముట్టు బ్రౌజరు ఎక్స్‌టెన్షను అను చిన్న ఉపకరణము. అది యెట్లు పనిచేయునో, దానిని ఏ క్రమమున వాడవలెనో, వాడునప్పుడు పాటింపవలసిన ధర్మమేమో వివరించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పోయిన పుటలు

అంతర్జాలమున వ్రాసినది చిరకాలము నిలుచునను నమ్మకము కలదు. అనుభవము దీనికి విరుద్ధము. వ్యక్తుల సొంత పుటలకు నెలవైన జియోసిటీసును యాహూ సంస్థ 2009 అక్టోబరులో మూసివేసెను. 2004లో మొదలై భారతదేశమున మిక్కిలి ప్రచారము పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ముగిసెను. గూగుల్ ప్లస్సు 2019 ఏప్రిల్ 2న సామాన్య వినియోగదారులకు మూతపడెను. 2016కు పూర్వము తమ వద్ద చేర్చిన పాటలు నష్టమైనవని మైస్పేస్ సంస్థ 2019లో ఒప్పుకొనెను.

తెలుగువారికి మఱింత దగ్గఱి నష్టము యాహూ గ్రూపులది. 'రచ్చబండ' వంటి తెలుగు చర్చావేదికలు అచ్చట నడచినవి. ఛందస్సు, పదవ్యుత్పత్తి, పాత గ్రంథముల పాఠభేదములు మొదలగు విషయములపై దేశవిదేశములందలి తెలుగువారు అచ్చట వాదించుకొనిరి. 2019 అక్టోబరులో ఆ సంస్థ తన ప్రకటన వెలువరించి, కొలది వారముల గడువు మాత్రమిచ్చి, గుంపులలోని పాత సందేశములను తొలగించెను. 2020 డిసెంబరు 15న ఆ సేవయే ముగిసెను. గడువులోపల ఎవరు తమ గుంపు సందేశములను దింపుకొనిరో వారి వద్దనే అవి మిగిలినవి.

మూతపడుట యొక్కటే కారణము కాదు. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము 59 అనువర్తనములను నిషేధించినప్పుడు అందులో టిక్‌టాక్ ఉండెను. పల్లెటూళ్ల వారు తమ యాసలో పాడిన పాటలు, ఆడిన మాటలు ఒక్క రాత్రిలో వారి చేతికే అందకుండ పోయినవి. స్వదేశీయమని పేరుపొంది తెలుగుతో సహా భారతీయ భాషలకు చోటిచ్చిన 'కూ' అను వేదిక 2024 జూలైలో నిలిచిపోయెను. ఇవిగాక, ఖాతాదారు మరణించుట, సంకేతపదము మఱచుట, ఖాతా అపహరింపబడుట, గుంపు నిర్వాహకుడు గుంపును తొలగించుట మొదలగు చిన్న కారణములు ప్రతిదినము పుటలను మాయము చేయుచునే యున్నవి.

పెద్ద భాండాగారములు చాలవు

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున బ్రూస్టర్ కేల్ 1996లో స్థాపించిన ఇంటర్‌నెట్ ఆర్కైవు అను సంస్థ ప్రపంచమునందలి పుటలను సేకరించి, 2001 నుండి 'వేబ్యాక్ మెషీన్' అను పేర అందఱికి చూపుచున్నది. దాని సేవ సాటిలేనిది. అయినను దాని పద్ధతికి ఒక హద్దు కలదు. దాని యంత్రము ఒక అపరిచితుని వలె పుటను దర్శించును. ఎవరికైనను కనబడునది దానికి కనబడును. ఖాతాతో లోనికి వచ్చినగాని కనబడని పుటలు దానికి కనబడవు. ఫేస్‌బుక్కు గుంపులలోని వ్రాతలలో అధికభాగము ఈ రెండవ జాతిలోనివి. అచ్చటికి పోయిన యంత్రమునకు మూసిన తలుపు మాత్రమే చిత్రమగును.

ప్రభుత్వ గ్రంథాలయముల ప్రయత్నములును పరిమితములే. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010లో ట్విట్టరునందలి బహిరంగ సందేశములన్నిటిని సేకరింప బూనుకొనెను గాని, 2018 జనవరి 1 నుండి కొన్నిటిని మాత్రమే ఎన్నుకొని సేకరించు పద్ధతికి మాఱెను. అంతటి సంస్థయే వెనుకకు తగ్గినప్పుడు, హోసూరు తెలుగును బరంపురపు తెలుగును వెదకి కాపాడుటకు వేఱొకరు వత్తురని ఎదురుచూచుట వ్యర్థము.

ఈ స్థితి మనకు క్రొత్తది కాదు. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) దక్షిణదేశ చరిత్రకు ఆధారములను సేకరింప సంకల్పించినప్పుడు, అతని కచేరిలో కూర్చుండి ఆ పని జరుగలేదు. కావలి వెంకట బొఱ్ఱయ్య, అతని సోదరుడు లక్ష్మయ్య మొదలగువారు ఊరూర దిరిగిరి. గ్రామ వృత్తాంతములు గల దండకవిలెలు కరణముల యిండ్లలో ఉండెను. కరణము కవిలె విప్పి చెప్పినగాని కైఫీయతు పుట్టలేదు. నేటి మూసిన గుంపు ఆనాటి కవిలె వంటిది. దానిని విప్పగలవాడు ఆ గుంపు సభ్యుడే. యంత్రములెంత పెరిగినను ఈ సంగతి మాఱలేదు.

ఎక్స్‌టెన్షను పనిచేయు తీరు

అంతర్జాల పుటలను చూపు సాధనము బ్రౌజరు. క్రోము, ఫైర్‌ఫాక్సు, ఎడ్జి అనునవి బ్రౌజరులు. దానికి అదనపు శక్తి కలిగించుటకై చేర్చు చిన్న ఉపకరణమే ఎక్స్‌టెన్షను. దానిని ఆయా బ్రౌజరుల అధికారిక భాండారమునుండి ఉచితముగా తెచ్చుకొనవచ్చును.

తెరపై ఒక పోస్టు ఒకే పుట వలె కనబడును గాని, నిజమునకు అది పెక్కు ముక్కల కూర్పు. అక్షరములు ఒక చోటినుండి, ఛాయాచిత్రములు వేఱొక చోటినుండి, చలనచిత్రము మఱియొక చోటినుండి వచ్చును. బ్రౌజరు ఒక్కొక్క ముక్కకు విడివిడిగా విన్నపము పంపి, వచ్చిన సమాధానములను తెరపై అమర్చును. ఇట్లు వందలకొలది విన్నపములు క్షణములలో జరుగుచుండును. ఎక్స్‌టెన్షను బ్రౌజరులోపలనే యుండుటచే ఈ రాకపోకలను దగ్గఱ నుండి చూడగలదు. చూచువాడు తన ఖాతాతో లోనికి వచ్చియున్నాడు గనుక, అతని కన్నులకు కనబడునదంతయు దానికిని అందును. బయటి యంత్రమునకు లేని ప్రవేశము దీనికి గలుగుటకు కారణమిదియే.

ఇట్టి ఎక్స్‌టెన్షనులలో రెండు తెఱగులను ముఖ్యముగా ఎఱుగవలెను. మొదటి తెఱగునకు ఉదాహరణము 'సింగిల్‌ఫైల్'. అది తెరపై సిద్ధమైన పుటను, అందలి అక్షరములు, చిత్రములు, అమరికతో సహా, ఒకే హెచ్.టి.ఎం.ఎల్. ఫైలుగా మడిచి యిచ్చును. ఆ ఫైలును ఏ బ్రౌజరులోనైనను, అంతర్జాల సంబంధము లేకున్నను, తెఱవవచ్చును. వ్రాతయు నిశ్చల చిత్రములును మాత్రమే గల పోస్టునకు ఇది చాలును.

రెండవ తెఱగునకు ఉదాహరణము వెబ్‌రికార్డర్ బృందమువారి 'ఆర్కైవ్‌వెబ్.పేజ్'. ఇది క్రోము, ఎడ్జి, బ్రేవు వంటి బ్రౌజరులలో పనిచేయును. ఇది పుట యొక్క రూపమును గాక, పుట కూడివచ్చిన విన్నపములను సమాధానములను వచ్చినవి వచ్చినట్లే నమోదు చేయును. ఫలితము 'వాక్‌జ్' అను ఫైలు. దానిలోపల 'వార్క్' అను రూపమున మూలసమాచారముండును. ఈ వార్క్ రూపము 2009 నుండి అంతర్జాతీయ ప్రమాణముగా, ఐ.ఎస్.ఓ. 28500 అను సంఖ్యతో, అంగీకరింపబడినది. దీనిని 'రీప్లేవెబ్.పేజ్' అను దర్శినిలో తెఱచినచో ఆనాటి పుట ఆనాటి వలెనే కదలును; చలనచిత్రమున్న ఆడును. పాటలు, ప్రసంగములు గల పోస్టులకు ఇదియే తగినది.

తెరబొమ్మ ఏల చాలదు

పలువురు ఫోనులో తెరబొమ్మ తీసి, భద్రపఱచితిమని తృప్తి పడుదురు. తెరబొమ్మ యందు పోస్టు చిరునామా ఉండదు. 'ఇంకను చూడుము' అను మాట క్రింద దాగిన వాక్యములు ఉండవు. తెరపైకి రాని వ్యాఖ్యలు ఉండవు. కాలము '3 గం.' అని గాని '2 వా.' అని గాని ఉండును. ఆ మూడు గంటలు ఏ దినమునకు ముందో పదియేండ్ల పిమ్మట ఎవ్వరును చెప్పలేరు. అక్షరములు బొమ్మగా మాఱుటచే ఒక పదమును వెదకి పట్టుటయు దుష్కరమగును.

చిరునామా మాత్రము వ్రాసియుంచుకొనుటయు నిష్ఫలమే. పోస్టు తొలగింపబడిన దినమున ఆ చిరునామా శూన్యమును జూపును. ఫేస్‌బుక్కునందలి ఛాయాచిత్రముల నేరు చిరునామాలలో గడువు సూచించు గుర్తులు ఇమిడియుండును. గడువు దాటినచో ఆ చిరునామా పలుకదు. ఎవరి ఖాతాను వారు దింపుకొను సౌకర్యము ఫేస్‌బుక్కునందు కలదు. అది మంచిదే. కాని దానిచే వచ్చునది ఖాతాదారు తాను వ్రాసినది. అతని పోస్టు క్రింద ఇతరులు వ్రాసిన వ్యాఖ్యలు దానితో రావు.

వ్యాఖ్యలు పోయినచో ఏమి నష్టమని అడుగవచ్చును. ఒక ఉదాహరణము తీసికొందము. హోసూరు ప్రాంతపు ఒక తెలుగు పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు 1970 ప్రాంతపు తరగతి ఛాయాచిత్రమును గుంపులో ఉంచెననుకొందము. చిత్రము వెనుక పేర్లు లేవు. క్రింద 40 మంది వ్యాఖ్యానింతురు. రెండవ వరుసలో నిలుచున్నవాడు ఎవ్వడో ఒకరు చెప్పుదురు. ఆ పంతులుగారు ఏ యూరినుండి నడచి వచ్చెడివారో మఱియొకరు చెప్పుదురు. అప్పుడు ఆ బడిలో ఎన్ని తెలుగు తరగతులుండెనో వేఱొకరు తలంచుకొందురు. ఆ చిత్రమునకు ప్రాణము ఆ 40 వ్యాఖ్యలలో నున్నది. అవి లేనిచో అది ఎవరిదో తెలియని ఒక గుంపు బొమ్మ.

పనిచేయు క్రమము

ఒక పోస్టును భద్రపఱుచుటకు పూనిన వ్యక్తి ఈ క్రమమును అనుసరించుట మేలు.

మొదట కంప్యూటరుపై పని పెట్టుకొనవలెను. చేతిఫోనులోని క్రోము బ్రౌజరున ఎక్స్‌టెన్షనులు పనిచేయవు. పోస్టు పైభాగమున నున్న కాలసూచికను నొక్కినచో ఆ పోస్టు యొక్క సొంత పుట తెఱచుకొనును. గుంపు ముఖపుటను గాక, ఈ సొంత పుటనే భద్రపఱుపవలెను. కాలసూచికపై మౌసును నిలిపినచో పూర్తి తేదీ కనబడును, దానిని వ్రాసికొనవలెను.

పిమ్మట దాగినదంతయు బయటికి తేవలెను. ఫేస్‌బుక్కు సాధారణముగా తాను ముఖ్యమని తలచిన వ్యాఖ్యలనే ముందు చూపును. దానిని 'అన్ని వ్యాఖ్యలు' అనుదానికి మార్చవలెను. ప్రత్యుత్తరములను ఒక్కొక్కటిగా తెఱవవలెను. పుటను మెల్లగా చివఱివఱకు జరుపవలెను. చూపు దగ్గఱికి వచ్చినగాని చిత్రములు దిగిరాకుండుట నేటి పుటల స్వభావము గనుక, జరుపకుండ తీసిన ప్రతిలో చిత్రముల చోట ఖాళీలు మిగులును. ఆర్కైవ్‌వెబ్.పేజ్ వాడువారు ఈ జరుపుటకు పూర్వమే నమోదును ఆరంభింపవలెను. చలనచిత్రమును తుదివఱకు ఆడింపవలెను. సింగిల్‌ఫైల్ వాడువారు ఇవన్నియు ముగిసిన పిమ్మట మీట నొక్కవలెను. ఒకటి నడచినదానిని నమోదు చేయును. రెండవది నిలిచినదానిని మడచును. ఈ భేదము గుర్తుండవలెను.

ఆర్కైవ్‌వెబ్.పేజ్ నమోదు చేసినది బ్రౌజరులోపలనే నిలువయుండును. దానిని వాక్‌జ్ ఫైలుగా దింపుకొన్నప్పుడే పని పూర్తియగును. దింపుకొనకుండ ఎక్స్‌టెన్షనును తొలగించినచో నమోదు యావత్తును పోవును.

అటుపిమ్మట పరీక్ష. అంతర్జాల సంబంధమును త్రెంచి, భద్రపఱచిన ఫైలును తెఱచి చూడవలెను. సింగిల్‌ఫైల్ ప్రతికి ఈ పరీక్ష మిక్కిలి సులువు. వ్యాఖ్యలన్నియు ఉన్నవా, చిత్రములు నిండుగా కనబడుచున్నవా, తెలుగు అక్షరములు చెదరకున్నవా అని చూచిన పిమ్మటనే ఆ పోస్టును భద్రమైనదానిగా లెక్కింపవలెను.

చివఱిది వివరపత్రము. తాళపత్ర గ్రంథమును ప్రతి వ్రాసిన లేఖకుడు కడపటి యాకున తన పేరు, సంవత్సరము, మాసము, తిథి వ్రాసి ముగించెడివాడు. నేడు ప్రతుల కాలనిర్ణయమునకు ఆ వాక్యములే ఆధారము. అట్లే ప్రతి ఫైలునకు తోడుగా ఒక చిన్న పత్రముండవలెను. పోస్టు చిరునామా, వ్రాసినవారి పేరు, పోస్టు తేదీ, భద్రపఱచిన తేదీ, భద్రపఱచినవారి పేరు, వాడిన ఎక్స్‌టెన్షను, వ్రాసినవారి అనుమతి యుండినదా లేదా, పోస్టు ఏ యూరికి ఏ విషయమునకు సంబంధించినది అను నెనిమిది సంగతులు చాలును. ఫైలు పేరు తేదీతో మొదలైనచో వరుస తనంతట తానే కుదురును.

దిద్దరాదు

తెలుగు పండితులకు ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. ఈ పోస్టులలో అక్షరదోషములుండును. కన్నడ పదములు, తమిళ పదములు, మరాఠీ పదములు కలిసియుండును. కొందఱు తెలుగును ఆంగ్లలిపిలో వ్రాయుదురు. బడిలో తెలుగు చదువుట కవకాశము లేనివారు తెలుగు మాటనే కన్నడ లిపిలోనో తమిళ లిపిలోనో వ్రాయుదురు. వీనిని చూచినప్పుడు దిద్దవలెనను బుద్ధి పుట్టుట సహజము. కాని భద్రప్రతియందు ఒక్క అక్షరమును మార్చరాదు. ఆ వ్రాత తప్పుగా గాక, ఒక కాలమున ఒక చోట తెలుగు ఉండిన స్థితికి సాక్ష్యముగా చూడదగినది. ఏ తరమువారికి లిపి పోయి మాట మిగిలినదో తెలుపునది అదియే.

వాడుకభాషకై ఉద్యమించిన గిడుగు రామమూర్తి (1863–1940) ఉపాధ్యాయుడుగా పనిచేసిన పర్లాకిమిడి 1936 నుండి ఒడిశాలో నున్నది. ప్రజల నోటి మాటను ఉన్నదున్నట్లు వినవలెనను ఆయన పట్టుదలకు నేటికిని కాలము చెల్లలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) ఆధ్వర్యమున 1962లో మాండలిక వృత్తిపదకోశము యొక్క మొదటి సంపుటము, వ్యవసాయ పదములతో, వెలువడెను. చేనేత పదముల సంపుటము తరువాత వచ్చెను. ఆ మహాకార్యము ఆనాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు సంబంధించినది. షోలాపురము, భివండి మగ్గముల వద్ద వాడిన మాటలు, కోలారు బంగారు గనులలో పనిచేసిన తెలుగు కూలీలు వాడిన మాటలు అట్టి కోశముల కందలేదు. ఆ గనులు 2001లో మూతపడినవి. అచ్చటి వృద్ధుల జ్ఞాపకములను వారి మనుమలు పోస్టులుగా వ్రాసినచో, ఆ పోస్టులే రేపటి కోశకారునకు మిగులు ఆధారములు. తెలుగు లిపికి 1991 నుండి యూనికోడునందు స్థానము కలదు గనుక, అక్షరములు అక్షరములుగా భద్రపడిన ఫైలులో అతడు ఏ పదమునైనను క్షణములో వెదకగలడు.

అనుమతి, మర్యాద

చేతనైనదంతయు చేయదగినది కాదు. ఒకరు తమ గుంపులోనివారిని నమ్మి వ్రాసినదానిని వారికి తెలియకుండ తీసి బయట పెట్టుట నమ్మకద్రోహము. కావున కొన్ని నియమములు పాటింపవలెను. గుంపు నిర్వాహకులకు ముందుగా తెలిపి, ఈ పని జరుగుచున్నదని గుంపులో ప్రకటింపవలెను. భద్రపఱుచుట వేఱు, ప్రచురించుట వేఱు. వ్రాసినవారి అంగీకారము లేనిదే ప్రచురింపరాదు. పిల్లల చిత్రములు, ఫోను సంఖ్యలు, రోగముల సంగతులు, కుటుంబ కలహములు గల పోస్టులను విడిచిపెట్టవలెను. వ్రాసినవారు తమ ప్రతిని తొలగింపుడని కోరినచో మాఱు పలుకక తొలగింపవలెను.

వ్యక్తిగత సమాచార రక్షణకై భారతదేశమున 2023లో చేసిన చట్టము, ఒక వ్యక్తి తన సొంతమునకు గాని ఇంటి అవసరమునకు గాని ఉంచుకొన్న సమాచారమును తన పరిధినుండి విడిచినది. పరిశోధనకును భాండాగారములకును కొన్ని షరతులపై మినహాయింపు నిచ్చినది. సంఘము తరఫున ఈ పని చేయునప్పుడు ఆ షరతులను తెలిసికొని నడచుకొనవలెను. వేలకొలది పుటలను యంత్రముచే తనంతట తానే దోచుకొని వచ్చునట్లు చేయుట ఆయా వేదికల నిబంధనలకు విరుద్ధము. ఎన్నుకొన్న పోస్టును మనుష్యుడు చదివి, తూచి, ఒక్కొక్కటిగా భద్రపఱుచుట యుక్తము.

భద్రపఱుచువాని క్షేమమును చూచుకొనవలెను. సొంత ఖాతాతో నమోదు చేసినప్పుడు అతని ప్రవేశమునకు సంబంధించిన గుర్తులు కూడ వాక్‌జ్ ఫైలులో చేరవచ్చును. ఈ పనికై ప్రత్యేకముగా ఒక ఖాతా యుంచుకొనుడని ఆ ఎక్స్‌టెన్షను కర్తలే సలహా యిచ్చుచున్నారు. సంఘము పేర అట్టి ఖాతా యొకటి యుండుట మంచిది. ఎక్స్‌టెన్షనులకు బ్రౌజరునందు విశేషాధికారముండును గనుక, పేరు తెలియనివానిని చేర్చుకొనరాదు.

నిలువ, నిరూపణము

ఒకే హార్డు డిస్కున నున్న ప్రతి, ఒకే తాటియాకున నున్న కావ్యము వంటిది. సి. పి. బ్రౌను (1798–1884) తెలుగు గ్రంథములకు పలుచోట్లనుండి ప్రతులు తెప్పించి, లేఖకులచే మఱల వ్రాయించుటచేతనే అనేక గ్రంథములు నిలిచినవి. నేటి నియమమును అట్టిదే. మూడు ప్రతులుండవలెను. అవి రెండు వేఱు సాధనములపై నుండవలెను. ఒకటి వేఱొక యూర నుండవలెను. బెంగుళూరు సంఘము ప్రతి బరంపురమునను, బరంపురపు ప్రతి యానామునను ఉండునట్లు సంఘములు ఇచ్చిపుచ్చుకొనవచ్చును. ఇంటర్‌నెట్ ఆర్కైవు సైతము 2024 అక్టోబరులో దుండగుల దాడికి గుఱియై కొన్ని దినములు నిలిచిపోయినది. ఎంత పెద్దదైనను ఒకే కొట్టును నమ్మరాదు. వ్రాతయు చిత్రములును గల సింగిల్‌ఫైల్ ప్రతి సాధారణముగా కొన్ని మెగాబైట్లను మించదు గనుక వ్యయము స్వల్పము.

ఫైలు మాఱలేదని నిరూపించుటకు ఒక ఉపాయము కలదు. 'ష-256' అను గణనచే ఏ ఫైలునకైనను 64 చిహ్నముల అంకముద్ర యొకటి వచ్చును. ఫైలులో ఒక్క అక్షరము మాఱినను ఆ ముద్ర పూర్తిగా మాఱిపోవును. భద్రపఱచిన దినముననే ఆ ముద్రను వివరపత్రమున వ్రాసియుంచినచో, ఎన్నాళ్లకైనను సరిచూచుకొనవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ సాక్ష్య అధినియమము, 63వ విభాగమున, ఎలక్ట్రానికు పత్రమునకు జతపఱుపవలసిన ధ్రువపత్రములో ఇట్టి అంకముద్రను అడుగుచున్నది.

ఇది న్యాయవాదులకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము తమిళనాటి తెలుగు బడులపై చూపిన ప్రభావమును గుఱించి తల్లిదండ్రులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ గోడును సామాజిక మాధ్యమములందు వ్రాసికొనిరి. ఏ యేడు ఏ బడిలో తెలుగు పుస్తకములు ఎప్పుడు వచ్చినవో, ఏ తరగతికి ఉపాధ్యాయుడు లేడో, ఎందఱు పిల్లలు చేరగోరిరో తెలుపు వ్రాతలు అందున్నవి. రాజ్యాంగము 29వ అధికరణమున తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కును అల్పసంఖ్యాకులకు ఇచ్చినది. 350ఏ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యను గుఱించి చెప్పుచున్నది. ఈ హక్కులను అడుగబోయినప్పుడు అధికారులు కోరునది ఆధారము. తేదీయు చిరునామాయు గల భద్రప్రతి ఆధారమగును. చెదరిన తెరబొమ్మ కాజాలదు.

ఉపసంహారము

దక్షిణాంధ్ర సాహిత్యము నేడు మనకు లభించుచున్నదనిన, తంజావూరు సరస్వతీ మహలు వంటి భాండాగారములు తెలుగునాటికి వెలుపల ఆ వ్రాతప్రతులను కాపాడుటయే కారణము. వెలుపలి తెలుగువారు తెలుగునకు కాపరులై నిలిచిన చరిత్ర అది. నేటి పనికి రాజాశ్రయము అక్కఱలేదు. ప్రతి సంఘమునందు కంప్యూటరు తెలిసిన ఇద్దఱు యువకులు, ఊరి సంగతులు తెలిసిన ఒక పెద్ద, వివరపత్రము చక్కగా వ్రాయగల ఒక ఉపాధ్యాయుడు కలిసి నెలకు ఒక్క ఆదివారము కూర్చున్నచో చాలును. ఏది భద్రపఱుపదగినదో పెద్ద చెప్పును, యువకులు భద్రపఱుతురు, ఉపాధ్యాయుడు పట్టికలో నెక్కించును. మొదటి యాదివారమున పది పోస్టులు భద్రమైనను ఆ పదింటి మేరకు ఒక యూరి తెలుగువారి చరిత్ర నిలిచినట్లే. గుంపు తలుపు తెఱచియున్నంతవఱకే ఈ పనికి గడువు.